పీపీఏ ఉన్నవారికి గ్రూపు స్పీచ్ థెరపీ: ఎవరి పక్కన కూర్చోబెట్టాలి, అక్కడ ఏం జరగాలి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. నాన్నగారికి 64 ఏళ్లు. రెండేళ్లుగా మాట వెతుక్కుంటున్నారు. జ్ఞాపకం బాగానే ఉంది, దారి తప్పరు, బ్యాంకు పనులు తనే చూసుకుంటున్నారు. న్యూరాలజిస్టు పీపీఏ (మెదడు జబ్బు వల్ల భాష మెల్లగా క్షీణించడం) అని, అందులో లోగోపెనిక్ రకం కావచ్చని రాశారు. దగ్గర్లోని సెంటర్లో పక్షవాతం వల్ల మాట పోయినవాళ్లకు ఒక గ్రూపు నడుస్తోంది, అందులో చేర్చమంటున్నారు. చేర్చాలా, గ్రూపులో అసలు ఏం చేస్తారు, మాట తిరిగి వస్తుందా అని మూడు విషయాలు అడిగారు.

చివరిదాంతోనే మొదలుపెడతాను, మిగతా రెండూ దాన్నిబట్టే ఉంటాయి కాబట్టి. పోయిన మాట మునుపటిలా తిరిగి రాదు. ఇది మెల్లగా పెరిగే జబ్బు. అయితే రోజూ సాధన చేసిన మాటలు, సాధన చేయనివాటికంటే ఎక్కువ కాలం నిలుస్తాయి. దానికంటే ముఖ్యం, సంభాషణ బాగుపడుతుంది. సంభాషణలో సగం మీ నోట్లోనే ఉంది, ఆ సగానికి జబ్బు లేదు. పీపీఏకి పెట్టే గ్రూపు మాటలు తెప్పించడం కోసం కాదు. ఉన్న మాటలతో, సైగలతో, ఫొటోలతో మనిషి నలుగురిలో మనిషిగా కూర్చునేలా చేయడం కోసం, ఇంట్లోవాళ్లకు ఆ పద్ధతి అలవాటు చేయడం కోసం. ఈ లక్ష్యం స్పష్టంగా లేని గ్రూపులో ఎనిమిది వారాలు తిరిగినా అలసటే మిగులుతుంది.

పీపీఏ అంటే ప్రైమరీ ప్రోగ్రెసివ్ అఫేసియా. మెదడు దెబ్బతిని మాట, భాష పోవడాన్ని అఫేసియా అంటారు. 1982లో మార్సెల్ మెసులమ్ అనే న్యూరాలజిస్టు, మతిమరుపు లేకుండా భాష ఒక్కటే ఏళ్ల తరబడి క్షీణించిన ఆరుగురి గురించి రాయడంతో ఇది వైద్యుల దృష్టికి వచ్చింది. 2011లో మారియా లూయిసా గోర్నో-టెంపినీ, సహచరులు రాసిన ప్రమాణాల ప్రకారం దీన్ని మూడు రకాలుగా చూస్తున్నాం: లోగోపెనిక్, నాన్‌ఫ్లుయెంట్, సెమాంటిక్. నటుడు బ్రూస్ విల్లిస్‌కు 2022లో అఫేసియా అని, మరుసటి ఏడాది ఫ్రంటోటెంపొరల్ డిమెన్షియా (మెదడు ముందు, పక్క భాగాలు క్షీణించే జబ్బు) అని కుటుంబం ప్రకటించాక చాలామంది ఈ పేర్లు విన్నారు.

పుస్తకాల్లోని లక్షణాలు ఇంగ్లిషువి. తెలుగు ఇంట్లో అవి ఎలా కనిపిస్తాయో చెబుతాను. లోగోపెనిక్‌లో అర్థం తెలుసు, మాట నోటిదాకా వచ్చి ఆగుతుంది. అక్షరాలు తారుమారవుతాయి, బంగాళాదుంప 'బంగాదాళుంప' అవుతుంది. ఫోన్ నంబరు చెబితే నాలుగైదు అంకెల దగ్గర తెగిపోతుంది, పొడుగు వాక్యం తిరిగి చెప్పలేరు. నాన్‌ఫ్లుయెంట్ రకంలో మాట కష్టపడి, తడబడుతూ వస్తుంది, విభక్తులూ క్రియల చివరలూ రాలిపోతాయి. 'బజారుకి వెళ్లి కూరలు తెచ్చాను' అనాల్సింది 'బజారు… కూరలు… తెచ్చు' అవుతుంది. 'రండి' అనాల్సిన చోట 'రా' రావచ్చు. అల్లుడిని ఏకవచనంలో పిలిచారని ఇంట్లో నొచ్చుకుంటారు. అది అమర్యాద కాదు, వ్యాకరణం జారిపోవడం.

సెమాంటిక్ రకం మాత్రం ఇంట్లోవాళ్లను బాగా మోసం చేస్తుంది. మాట ధారాళంగా వస్తుంది కానీ అర్థాలే చెరిగిపోతుంటాయి. 'సొరకాయ తెండి' అంటే 'సొరకాయ అంటే?' అని అడుగుతారు. ఇంగ్లిషులో రాసేదొకటి, పలికేదొకటి కాబట్టి చదివించగానే ఈ రకం వారి తప్పులు బయటపడతాయి. తెలుగు రాసినట్టే పలుకుతాం. అందుకే పేపరు గడగడా చదివేస్తారు, 'ఏమీ కాలేదు' అని ఇంట్లో ధైర్యపడతారు. పైకి చదివించి ఊరుకోకండి, చదివిన దాంట్లో ఒక మాటకు అర్థం అడగండి.

ఇక పక్షవాతం గ్రూపు సంగతి. వేరే దారి ఉంటే అందులో చేర్చకండి. అక్కడివాళ్లు కోలుకుంటూ ఉంటారు, ముఖ్యంగా మొదటి ఆరు నెలల్లో. వారం వారం పక్కాయన రెండు మాటలు ఎక్కువ చెబుతుంటే నాన్నగారు రెండు తక్కువ చెబుతారు. లోగోపెనిక్‌లో తనకేం జరుగుతోందో తనకు తెలుస్తూనే ఉంటుంది, కాబట్టి ఆ తేడా ఆయనే ముందు పసిగడతారు. నడిపేవాళ్ల లెక్క కూడా వేరు: నెలనెలా కష్టమైన పని ఇస్తూ పైకి తీసుకెళ్లడం. మనకు కావాల్సింది రేపటి అవసరానికి ఇవాళే ఏర్పాటు చేసుకోవడం. మతిమరుపు డేకేర్‌లో కూర్చోబెట్టడం అంతకన్నా పొరపాటు. 'ఈరోజు ఏ వారం, ఇది ఏ ఊరు' అని అడిగితే, లెక్కలు చూసుకుంటున్న మనిషికి అవమానంగా ఉంటుంది. మీ ఊళ్లో పక్షవాతం గ్రూపు తప్ప ఇంకేమీ లేదనుకోండి. నెలకోసారి, నడిపే థెరపిస్టుకు పీపీఏ తెలిసి ఉంటే, పోటీలూ మార్కులూ లేని సరదా కబుర్ల పూటకు తీసుకెళ్లండి. అంతవరకే.

గ్రూపులో నలుగురి నుంచి ఆరుగురి దాకా ఉండాలి, ప్రతి ఒక్కరితో ఇంటినుంచి ఒకరు రావాలి. ఆరు దాటితే ఒక్కొక్కరికి వచ్చే వంతు ఏ మూలకూ చాలదు. నడపడానికి ఇద్దరు కావాలి. జబ్బు దశ దగ్గరదగ్గరగా ఉండటం రకం కంటే ముఖ్యం అంటాను. అయినా సెమాంటిక్ వారినీ నాన్‌ఫ్లుయెంట్ వారినీ కలిపితే ఒక ఇబ్బంది తప్పదు: మొదటివారు ఆగకుండా మాట్లాడతారు, రెండోవారు నోరు తెరిచేలోపు విషయం మారిపోతుంది. అప్పుడు చేతిలో ఒక వస్తువు తిప్పండి, చిన్న బంతో, కర్ర బొమ్మో. అది ఎవరి చేతిలో ఉంటే వారిదే మాట. చిన్నపిల్లల ఆటలా అనిపించకుండా, మొదటి రోజే ఎందుకో చెప్పి మొదలుపెట్టాలి.

సమయం ఉదయం పదిన్నర నుంచి పన్నెండు. భోజనం అయ్యాక పెడితే మాట సగానికి పడిపోతుంది. ఎనిమిది నుంచి పది వారాలు, వారానికోసారి, ఆ తర్వాత నెలకోసారి. గదిలో కూలర్ మోత ఉండకూడదు, ప్రతిధ్వని వచ్చే ఫంక్షన్ హాలు పనికిరాదు. కళ్లజోడు, చెవి మిషను తెచ్చారో లేదో గుమ్మంలోనే చూడాలి. వినపడకపోవడాన్ని అర్థం కాకపోవడంగా పొరబడటం చాలా మామూలు. సెమాంటిక్ వారిలో కొందరు గడియారం మీదే ఉంటారు, కుర్చీ మారితే ఒప్పుకోరు. వేళకు మొదలుపెట్టి వేళకు ముగించడం, ప్రతి వారం అదే కుర్చీ ఇవ్వడం వాళ్లకు మందు లాంటిది.

మొదటి పావుగంట అందరూ కలిసి. మెడలో పేరు కార్డు పెద్ద అక్షరాల్లో, కింద ఊరు. పేర్లు అన్నిటికంటే ముందు జారిపోతాయి, కాబట్టి పేరు గుర్తుపట్టించే పోటీ వద్దు. మన దగ్గర అన్నయ్యగారు, వదినగారు, బాబాయిగారు అన్న పిలుపులున్నాయి. పేరు దొరకకపోయినా మర్యాద తగ్గదు, వాటినే వాడనివ్వండి. తర్వాత 35 నిమిషాలు జబ్బున్నవారు ఒక గదిలో ఒక విషయం మీద కబుర్లు, ఇంట్లోవాళ్లు పక్కగదిలో రెండో థెరపిస్టుతో. ఆపైన పావుగంట టీ. చివరి 25 నిమిషాలు జంటగా సాధన.

ఆ కబుర్లు ఎలా సాగాలో ఒక్క నిమిషం దగ్గర నుంచి చూద్దాం. విషయం ఆవకాయ అనుకోండి. బల్ల మీద ఒక పచ్చి మామిడికాయ, ఆవపిండి, మూడు ఫొటోలు. పలక మీద లావు నల్ల మార్కరుతో నాలుగు మాటలు: కాయలు, కారం, నూనె, జాడీ. ఒకాయన మొదలుపెడతారు: "మా ఇంట్లో… అదీ… పెద్దది… మూత…" ఆగిపోతారు. థెరపిస్టు మనసులో పది లెక్కపెడుతుంది, ముఖం ఆయనవైపే. పది దాటాక, "జాడీ గురించా, గంగాళం గురించా?" అంటూ రెండు మాటలూ కాగితం మీద రాసి ముందు పెడుతుంది. ఆయన జాడీ మీద వేలు పెడతారు. "జాడీ. ఆ జాడీ ఎవరిదండీ?" "మా… అమ్మ." మాట ఆవిడ వాక్యంలో దొర్లిపోయింది, ఆయన చేత తిరిగి పలికించలేదు, కథ ముందుకు నడిచింది.

ఇదే చోట జరిగే తప్పు, "జా… జా… చెప్పండి చూద్దాం" అనడం. మొదటి అక్షరం అందించడం ఒంటరిగా చేసే మాటల సాధనలో మంచి పద్ధతే. నలుగురిలో కబుర్ల మధ్య అది పరీక్ష అవుతుంది. పరీక్ష అనిపించిన మరుక్షణం ఆయన కథ వదిలేస్తారు. ఇంట్లోనూ అంతే. జవాబు మీకు తెలిసిన ప్రశ్నలు రోజుకెన్ని అడుగుతున్నారో లెక్కపెట్టుకోండి: 'ఇదేంటి?', 'మన పక్కింటాయన పేరేంటి?' వీటిలో ఒక్కటీ అక్కర్లేదు. ఆయన చెప్పబోయేది మీకు ముందే తెలిసిపోతే? ముందుగా ఒక గుర్తు అనుకోండి, చెయ్యి కొంచెం ఎత్తితే సాయం కావాలని. ఎత్తేదాకా ఆగండి.

రాసి చూపించడం లోగోపెనిక్‌కి, నాన్‌ఫ్లుయెంట్‌కి బాగా పనిచేస్తుంది. సెమాంటిక్‌లో 'జాడీ' అన్న అక్షరాలు చదువుతారు, కానీ అది ఏమిటో పోయి ఉండొచ్చు. అక్కడ వస్తువే చూపాలి.

అవును-కాదు దగ్గర తెలుగువాళ్లకు ప్రత్యేకమైన చిక్కుంది. 'అన్నం తినలేదా?' అని అడిగితే 'అవును' అంటే తిన్నట్టా, తిననట్టా? దానికి తోడు మన తల ఊపు, అవునుకీ కాదుకీ మధ్యలో ఎక్కడో ఉంటుంది. నాన్‌ఫ్లుయెంట్ వారిలో అవును, కాదు తారుమారు కావడం కూడా ఉంటుంది, కాదనుకుని అవును అనేస్తారు. అందుకే 'లేదా', 'కదా' తగిలించకండి. 'తిన్నారా?' అని సూటిగా అడగండి. ఒకవైపు అవును, ఇంకోవైపు కాదు రాసిన కార్డు జేబులో పెట్టండి, వేలు ఏది చూపిస్తే అదే లెక్క. మందులు, నొప్పి, డబ్బు విషయాల్లో ఇది తప్పనిసరి.

వాక్యం పొడుగు కూడా చూసుకోండి. తెలుగులో క్రియ చివర వస్తుంది. 'నిన్న సాయంత్రం వచ్చిన మా ఆఫీసు సుబ్బారావుగారి అబ్బాయి పెళ్లి కార్డు ఆ టీపాయ్ మీద పెట్టావా' అంటే, అసలు సంగతి వచ్చేసరికి లోగోపెనిక్ ఉన్న మనిషి చేతిలో మొదటి సగం ఉండదు. 'పెళ్లి కార్డు వచ్చింది. సుబ్బారావుగారిది. ఎక్కడ పెట్టావు?' ఇలా తుంచాలి. గొంతు పెంచక్కర్లేదు.

ఇంకోటి, యాస. ఉల్లిగడ్డ అన్నవారిని ఉల్లిపాయ అని, ఆనపకాయ అన్నవారిని సొరకాయ అని దిద్దే థెరపిస్టు మంచికి బదులు చెడు చేస్తున్నట్టే. ఉన్న మాటను తప్పు అంటే ఆ మనిషికి మిగిలేదేముంది? బొమ్మల జాబితా ఇంట్లో పలికే మాటతోనే తయారు కావాలి. అలాగే హైదరాబాదు ఇళ్లల్లో తెలుగుతోపాటు ఉర్దూ, ఇంగ్లిషు దొర్లుతుంటాయి. 'ఒకే భాష మాట్లాడండి, తికమక పడతారు' అని సలహా ఇస్తుంటారు. ఆ సలహాను మూలన పెట్టండి. ఏ భాషలో మాట దొరికితే ఆ భాషలో చెప్పనివ్వాలి. హైదరాబాదు నిమ్స్‌లో సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగుల వివరాలతో 2013లో ప్రచురించిన అధ్యయనంలో, రెండు భాషలు వచ్చినవారిలో జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైనట్టు తేలింది. అది థెరపీ గురించిన అధ్యయనం కాదు, కానీ రెండో భాష శత్రువు కాదనడానికి చాలు.

ఇంటి సాధన గ్రూపుకు ప్రాణం. ఇరవై మాటలు నాన్నగారే ఎంచుకోవాలి, ఆయనకు రోజూ పనికొచ్చేవి. ఒక్కో మాటకు ఆయన సొంత వస్తువు ఫొటో. ఇంటర్నెట్ బొమ్మ వద్దు, సెమాంటిక్ రకంలోనైతే అసలే వద్దు. మీ వంటింటి కుక్కర్ ఫొటోతో నేర్చుకున్నది ఇంకో కుక్కర్ చూస్తే పనిచేయకపోవచ్చు. ఫొటో చూసి ముందు ఇది ఎక్కడుంటుంది, ఎవరు వాడతారు, దేనికి అని తోచినంత చెప్పడం. తర్వాత మొదటి అక్షరం రాయడం. రాకపోతే మీరు రాసి చూపడం. తర్వాత మాట మొత్తం చూసి మూడుసార్లు పలకడం, చివరికి ఒక చిన్న వాక్యంలో వాడటం. రోజుకు ఇరవై నిమిషాలు, వారానికి ఐదు రోజులు. ఆరు వారాల తర్వాత ఐదు కొత్తవి చేర్చండి, పాతవాటిని వారానికోసారైనా తిప్పండి. పూర్తిగా ఆపేస్తే జారిపోతాయి. అర్థం పూర్తిగా పోయిన మాటల మీద శ్రమపడేకంటే, అర్థం ఇంకా అంతో ఇంతో మిగిలిన మాటల్ని కాపాడుకోవడం మేలు. అ-ఆల చార్టు, పిల్లల బొమ్మల పుస్తకం ఇంట్లోకి తేకండి.

నాన్‌ఫ్లుయెంట్ వారికి విడి మాటలకంటే చిన్న పాఠం కంఠస్థం చేయించడం బాగా నప్పుతుంది. టెక్సాస్ యూనివర్సిటీలో మాయా హెన్రీ బృందం 2018లో పదిమందితో చేసిన పనిలో, స్పష్టంగా మాట్లాడే మనిషి నోరు కనిపించే వీడియోతో పాటు పలుకుతూ సొంత సంగతులు సాధన చేశారు. ఆ లాభం ఏడాది దాకా నిలిచింది. మన ఇంటికి తగ్గట్టు నాలుగైదు వాక్యాలు చాలు: మనవరాలితో ఫోన్లో అడిగేవి, మందుల షాపులో చెప్పేవి. ఇంట్లో ఒకరు నెమ్మదిగా చదివి ఫోన్లో వీడియో తీస్తే సరిపోతుంది.

పక్కగదిలో ఇంట్లోవాళ్లు చేసే పనిని తక్కువగా చూడకండి. యూనివర్సిటీ కాలేజ్ లండన్‌లో అన్నా వోక్‌మర్ పీపీఏ కోసం రూపొందించిన 'బెటర్ కాన్వర్జేషన్స్' పద్ధతి పూర్తిగా దీనిమీదే నిలబడింది. మీరిద్దరూ మామూలుగా మాట్లాడుకునే పది నిమిషాలు వీడియో తీసి, దాన్నే చూస్తూ ఎక్కడ మాట ఆగింది, ఎక్కడ సాగింది అని మీరే గుర్తించి, మార్చుకోవాల్సినవి రెండో మూడో ఎంచుకోవాలి. ఎవరూ తప్పు పట్టనక్కర్లేదు, వీడియోనే చెబుతుంది. ఎనిమిది వారాల తర్వాత మళ్లీ పది నిమిషాలు తీయండి. పరీక్ష ప్రశ్నలు తగ్గాయా, ఆగిన మాటల్లో ఎన్ని మళ్లీ పట్టాలెక్కాయి, ఆయన తనంతట తాను ఎన్నిసార్లు విషయం ఎత్తారు. గ్రూపు పనిచేసిందా లేదా అన్నది వీటితో కొలవాలి. బొమ్మలకు పేర్లు చెప్పే స్కోరుతో కొలిస్తే అది తగ్గుతుంది, అందరూ నిరుత్సాహపడతారు. ఇంకో మాట నిజాయితీగా చెప్పాలి: పీపీఏలో ఇప్పటిదాకా జరిగిన పరిశోధన ఎక్కువగా ఒక్కొక్కరికో, భార్యాభర్తల జంటకో చేసింది. గ్రూపుల మీద జరిగింది తక్కువ. కాబట్టి ఒంటరి సెషన్ల బదులు గ్రూపు అనుకోకండి, రెండూ నడవాలి.

టీ విరామం విశ్రాంతి మాత్రమే కాదు. నాన్‌ఫ్లుయెంట్ వారిలో కొందరికి పోనుపోను మింగడం కష్టమవుతుంది. టీ తాగగానే దగ్గు, గొంతులో గరగర ఉంటే రాసిపెట్టుకుని డాక్టరుకు చెప్పండి. జంతికలు, వేరుశెనగలు పెట్టొద్దు. సెమాంటిక్ రకంలో తీపి మీద యావ పెరుగుతుంది, బిస్కట్లు డబ్బాతో పెట్టకుండా ప్లేటులో రెండేసి ఇవ్వండి.

థెరపిస్టు కోసం వెతికేటప్పుడు: ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉన్న స్పీచ్ లాంగ్వేజ్ పాథాలజిస్టే కావాలి, నంబరు అడగడంలో తప్పులేదు. 'పీపీఏ కేసులు చూశారా, ఇంట్లోవాళ్లకు ట్రైనింగ్ ఇస్తారా' అన్నవే అసలు ప్రశ్నలు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని అలీ యావర్ జంగ్ వాక్, శ్రవణ వైకల్యాల సంస్థ ప్రాంతీయ కేంద్రం, మైసూరులోని ఐష్ (అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ), బెంగళూరులోని మెదడు, మానసిక ఆరోగ్య ఆసుపత్రి నిమ్‌హాన్స్ అడగదగ్గ చోట్లు. ఎక్కడా పీపీఏ గ్రూపు దొరక్కపోతే, మీ న్యూరాలజిస్టు ద్వారా ఇంకో రెండు మూడు కుటుంబాలను కలుపుకుని ఒక థెరపిస్టును ఒప్పించండి. మూడు జంటలతోనైనా మొదలవుతుంది. వీడియో కాల్‌లో కూడా నడుస్తుంది. అమెరికాలో ఎమిలీ రొగాల్‌స్కీ బృందం కమ్యూనికేషన్ బ్రిడ్జ్ పేరుతో థెరపీని వీడియో కాల్ ద్వారానే ఇచ్చింది. కానీ తెర మీద నలుగురికి మించొద్దు, ఫోన్ కాకుండా ల్యాప్‌టాప్, ఒకరు మాట్లాడేటప్పుడు మిగతావారు మ్యూట్. పిల్లలు విదేశాల్లో ఉన్న ఇళ్లకు ఇది బాగా కుదురుతుంది, వాళ్లూ అదే కాల్‌లో పద్ధతి నేర్చుకోవచ్చు.

వికలాంగుల హక్కుల చట్టం 2016లో అఫేసియా వల్ల వచ్చే మాట, భాష వైకల్యం కూడా ఉంది. యూడీఐడీ కార్డు (వైకల్యం ఉన్నవారికి ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు కార్డు) సంగతి డాక్టరును అడగండి. బ్యాంకు నామినేషన్లు, వీలునామా లాంటివి ఆయనకు అర్థం చేసుకునే శక్తి గట్టిగా ఉన్నప్పుడే పూర్తిచేయాలి.

ఆయన పర్సులో ఒక కార్డు పెట్టండి, ఇంగ్లిషులోనూ తెలుగులోనూ: 'నాకు మెదడు జబ్బు వల్ల మాట దొరకడం కష్టం. నాకు వినపడుతుంది, అర్థమవుతుంది. దయచేసి కాస్త ఆగండి. అవసరమైతే ఈ నంబరుకు ఫోన్ చేయండి.' 'అర్థమవుతుంది' అన్నది ఇప్పటికి నిజం. రేపు మారితే కార్డూ మార్చాలి. బ్యాంకులో, బస్సులో, మీ అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ దగ్గర ఒకసారి ఆయన చేతే చూపించండి. మనిషి తాగి ఉన్నాడనుకునే ప్రమాదం ఈ ముక్కతో తప్పుతుంది.

గ్రూపు దొరకడానికి నెల పట్టొచ్చు. ఈ వారమే చేయాల్సింది ఇంకొకటుంది: ఆయన గొంతు రికార్డు చేయడం. గది తలుపులు మూసి, ఫ్యాన్ ఆపి, ఫోన్ నోటికి జానెడు దూరంలో పెట్టండి. రోజుకు పది నిమిషాలకు మించొద్దు, ఉదయం పూట. ఒక్కో ఫైలులో ఒక్కటే మాట: మీ అందరినీ ఆయన పిలిచే ముద్దు పేర్లు, 'కాఫీ పెట్టవే', 'తలనొప్పిగా ఉంది', 'వద్దు, చాలు', 'బయటికెళ్దాం', 'నాకు కోపం రాలేదు', 'జాగ్రత్తగా వెళ్లిరా', ఆయన నోటెంట తరచూ వచ్చే సామెత. పదం తప్పినా, మధ్యలో ఆగినా చెరిపేయకండి. ఫైలు పేరుగా ఆ మాటనే తెలుగులో రాసి, పక్కన ఒక ఫొటో జత చేసి పెట్టుకోండి. తర్వాత ట్యాబ్‌లో ఫొటో నొక్కితే ఆయన గొంతే పలికేలా థెరపిస్టు అమర్చిపెడతారు.